మహాబలిపురం నాగులతో జిగ్‌సా: 1000 ముక్కలా, 500 ముక్కలా?

ఉలిగీత
మహాబలిపురం పెద్ద శిల్పఫలకంలో రెండు బండల మధ్య చీలిక ఉంది కదా. అందులో చేతులు జోడించిన నాగరాజు, ఆయన కింద నాగిని. ఆ భాగం ఒక్కటే జిగ్‌సా పజిల్‌గా చేయించాలి. అనుకున్న సైజు 70 × 50 సెం.మీ., నిలువుగా. ఉన్నది 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫోటో, 6000 × 4000. అట్ట మీద డై కోత (ముక్కల ఆకారంలో ఉన్న పదునైన అచ్చుతో నొక్కి కోయడం) మంచిదా, 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక) మీద లేజర్ కోత మంచిదా? 1000 ముక్కలు చేయించవచ్చా? రాయంతా ఒకటే బూడిద రంగు. ఇది పేర్చగలిగే బొమ్మేనా, లేక డబ్బిచ్చి కొనుక్కునే తలనొప్పా?

మూలముక్క
ముందు లెక్క చూద్దాం. 70 × 50 సెం.మీ.కి 300 డీపీఐ (అంగుళానికి ముద్రించే చుక్కలు) కావాలంటే 8268 × 5906 పిక్సెళ్లు ఉండాలి, అంటే దాదాపు 49 మెగాపిక్సెళ్లు. చేతిలో పట్టుకుని దగ్గరగా చూసే వస్తువు కాబట్టి పోస్టర్‌కి సరిపోయే 100 డీపీఐ దీనికి చాలదు. 200 ఉంటే బాగుంటుంది, 180 దాకా ఓర్చుకోవచ్చు. మీ 6000 × 4000 ఫోటోను 7:5 నిష్పత్తికి కత్తిరిస్తే 5600 × 4000 మిగులుతుంది. అది సరిగ్గా 203 డీపీఐ. ఫోటో మొత్తం వాడితేనే ఈ లెక్క. చీలిక ఒక్కటే కావాలంటే అందులోంచి కోసిన భాగం ఎంత వస్తుందో చెప్పండి.

ఉలిగీత
ఫోటో అడ్డంగా తీసింది, రెండు పక్కలా గంధర్వులు, మునులు కూడా పడ్డారు. చీలికను నిలువుగా కోస్తే సుమారు 2600 × 3640 వస్తుంది.

మూలముక్క
అయితే 70 సెం.మీ.కి 132 డీపీఐయే. ముక్క చేతిలోకి తీసుకుంటే రాతి గరుకు బదులు మసక కనిపిస్తుంది. ఉన్న ఫోటోతోనే పని జరగాలంటే 49 × 36 సెం.మీ., 500 ముక్కల సైజుకు దిగండి. దానికి 3540 × 2600 చాలు, 183 డీపీఐ వస్తుంది. 1000 ముక్కలే కావాలంటే మళ్లీ ఫోటో తీయాలి: చీలికను నాలుగైదు ఫోటోలుగా, ఒక్కోటి పక్కదానితో మూడో వంతు కలిసేలా తీసి సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఫోటోగా అతికించాలి.

సాఫ్ట్‌వేర్‌తో పిక్సెళ్లు పెంచే ఆలోచన వద్దు. ముఖాలకు, ఆకులకు అది ఏదోలా సర్దుతుంది కానీ గ్రానైట్ గరుకును తనే ఊహించి అల్లేస్తుంది. ఒకే అల్లిక యాభై ముక్కల మీద తిరిగి తిరిగి వస్తే పేర్చేవాళ్లు మిమ్మల్నే తిట్టుకుంటారు.

రాతిచూపు
ఫోటో మళ్లీ తీసే ఉద్దేశం ఉంటే వేళ గురించి ఒక మాట. ఆ ఫలకం తూర్పు ముఖం. పొద్దున ఏడింటికి ఎండ నేరుగా ముఖం మీద కొడుతుంది, ఉబ్బులన్నీ చదునైపోతాయి. మధ్యాహ్నం దాటితే మొత్తం నీడలోకి పోతుంది. పనికొచ్చే వేళ తొమ్మిదిన్నర, పదకొండు మధ్య. ఎండ పైనుంచి రాతిని రాసుకుంటూ దిగుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. ఫలకానికి ఎదురుగా నిలబడితే దక్షిణం మన ఎడమ చెయ్యి, కాబట్టి వెలుగు ఎడమ పైమూల నుంచి వస్తుంది. మే, జూన్‌లలో నడినెత్తి నుంచి పడుతుంది, నీడలు నిట్టనిలువుగా కిందికి జారతాయి.

చీలిక లోతుగా ఉంటుంది. పక్క బండలకు సరిపోయే ఎక్స్‌పోజర్ పెడితే నాగులు నల్లగా వస్తారు. రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే ఫోటో) తీయండి, లేదా ఒక ఫోటో మామూలుగా, ఇంకో ఫోటో ఎక్స్‌పోజర్ రెండు స్టాపులు (అంటే నాలుగు రెట్ల వెలుగు) పెంచి తీసి కలపండి. ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి, మామూలు కెమెరా చేత్తో పట్టుకుని తీయడానికి అడ్డు లేదు.

గుంటబొడిపె
రాతిచూపు గారు చెప్పిన వేళ అందం కోసమే అనుకోకండి. పజిల్ పేర్చడానికి అదే ప్రాణం. రంగు లేని బొమ్మలో ముక్క ఎటు తిప్పి పెట్టాలో చెప్పేది నీడ ఒక్కటే.

ఎలాగంటే, వెలుగు ఎడమ పైనుంచి వస్తే రాతిలో ఉబ్బిన ప్రతి భాగానికీ ఎడమ పై అంచు తెల్లగా, కుడి కింది అంచు నల్లగా ఉంటుంది. గుంట పడిన చోట ఇది తారుమారు. వేలి గోరంత వేలు, పడగ అంచు, బండ మీద చిన్న పెచ్చు ఊడిన చోటు, ఏదైనా సరే ఇదే సూత్రం. ముక్కలు పేర్చడం మొదలుపెట్టకముందే ప్రతి ముక్కనూ ట్రేలో ‘తల పైకి’ తిప్పి ఉంచుకోవచ్చు. నాలుగు దిక్కుల్లో తిప్పి చూడాల్సిన ముక్కను ఒకే దిక్కున చూస్తే చాలు, వెతుకులాట నాలుగో వంతుకు పడిపోతుంది. ఫ్లాష్ వేసి తీసినా, మబ్బు రోజున తీసినా ఈ ఆధారం పోతుంది. అలాంటి ఫోటోతో చేసిన 500 ముక్కలు మంచి ఎండలో తీసిన 1000 కంటే కష్టం.

పెట్టెబొమ్మ
ఇందులో తిరకాసు ఒకటుంది. ఉబ్బు, గుంట కంటికి తారుమారుగా కనిపిస్తాయి. విడి ముక్కలో చుట్టూ సందర్భం ఉండదు కదా, ముక్కను తలకిందులు చేస్తే గుంట కాస్తా ఉబ్బులా కనిపిస్తుంది. మరి ఏది నిజమో ఎలా తెలుస్తుంది?

గుంటబొడిపె
మంచి ప్రశ్న. నున్నటి వంపు ఒక్కటే ఉన్న ముక్కతో తేలదు, దాన్ని పక్కన పెట్టాలి. తేల్చేవి రెండు. ఒకటి ఒకదాని నీడ ఇంకోదాని మీద పడటం. ముంజేతి నీడ ఛాతీ మీద పడితే ఆ నీడకు పదునైన అంచు ఉంటుంది, అది ఎప్పుడూ వెలుగుకు అవతలి వైపే ఉంటుంది. రెండోది నీటి చారలు. వానకు రాతి మీద కారిన నల్లటి చారలు పైనుంచి కిందికే ఉంటాయి, కిందికి పోయేకొద్దీ పలచబడతాయి. ఈ రెంటిలో ఏదీ లేని ముక్కలు మహా అయితే ఐదో వంతు మిగులుతాయి. వాటిని ఆకారం చూసి పెడతాం.

సున్నపురాయి
చీలికలో నీటి చారలు అంటే గుర్తొచ్చింది. ఆ ఫలకం అర్జునుడి తపస్సా, గంగావతరణమా అన్న వాదంలో గంగ వైపు వాళ్ల బలమైన సాక్ష్యం ఈ నాగులే. నీటి దేవతలు ఎండిన పగుల్లో ఎందుకుంటారు? పైన బండ మీద నీళ్లు నిలవ చేసి చీలికలోంచి వదిలేవారని అక్కడి కట్టడాల ఆనవాళ్లు చెబుతున్నాయి. నీళ్లు కిందికి దూకుతుంటే నాగులు ప్రవాహానికి ఎదురు ఈదుతూ పైకి వెళ్తున్నట్టు చెక్కారు. కాబట్టి కత్తిరించేటప్పుడు నాగరాజు ముఖం చుట్టూ చతురస్రంలా బిగించకండి. నిలువు పొడవే ఆ బొమ్మకు అర్థం.

ఫలకం మొత్తం కావాలనుకునేవారికి: అది సుమారు 29 మీటర్ల పొడవు, 13 మీటర్ల ఎత్తు. నిష్పత్తి 2.2. మామూలు 7:5 పజిల్‌లో ఇమడదు. 98 × 38 సెం.మీ. పనోరమా సైజు నిష్పత్తి దాదాపు 2.6, అందులో పెడితే ఎత్తులో సుమారు 1.8 మీటర్ల రాయి పోతుంది. కింద కోస్తే ఏనుగు కాళ్ల దగ్గర తపస్సు చేసే పిల్లి, దాని చుట్టూ ఎలుకలు పోతాయి. వాటిని పోగొట్టిన పజిల్ నాకొద్దు. పైనే కోయండి.

అలకన్య
నీటి దేవతలంటే మన నాగులే కాదు కదా. గ్రీకు నెరెయిడ్‌ల (సాగరకన్యల) పజిల్ చేసినవాళ్లు ఉన్నారా? ఇప్పటి టర్కీలోని క్సాంథోస్ నుంచి లండన్ చేరిన నెరెయిడ్ స్మారకం, క్రీ.పూ. 390–380 నాటిది. స్తంభాల మధ్య నిలిచిన సాగరకన్యలు, గాలికి, నీళ్లకు ఒంటికి అంటుకుపోయిన బట్టలు. అక్కడ నీడ సూత్రం పనిచేస్తుందా?

గుంటబొడిపె
చేయదు. మ్యూజియం గదిలో దీపాలు నాలుగు వైపుల నుంచి ఉంటాయి, పై కప్పు నుంచి పగటి వెలుగు. ఒకే మడతకు రెండు నీడలు పడతాయి. అక్కడ మడతల దిశ చూడాలి. తడి బట్ట మడతలు పైన ఒకచోట పుట్టి కిందికి విచ్చుకుంటాయి: భుజం, నడుము, ముందుకు చాచిన మోకాలు. మడత గీతలు ఏ వైపు దగ్గర పడుతున్నాయో ఆ వైపు ఆ పుట్టుక స్థానం ఉంటుంది. గీతల మధ్య దూరాన్ని బట్టి ముక్కల్ని మూడు గుంపులు చేయండి: సన్నం, మధ్యరకం, వెడల్పు. సన్నటివి నడుము దగ్గరివి, వెడల్పువి వెనక ఎగిరే బట్టవి.

పాలరాతి పజిల్‌లో అసలు నరకం శిల్పం కాదు, దాని వెనక బూడిద రంగు గోడ. కొనే ముందు పెట్టె మీద బొమ్మలో గోడ ఎంత మేర ఉందో చూడండి. పావు వంతు మించితే వదిలేయండి.

పెట్టెబొమ్మ
పెట్టెల మీద ‘పురాతన సముద్ర దేవతలు’ అని రోమ్‌లోని ట్రెవీ ఫౌంటెన్ బొమ్మ వేసి అమ్ముతుంటారు. అందులో సముద్ర దేవుడు ఓషియనస్, చేప తోక ఉన్న ట్రైటన్లు ఉన్నమాట నిజమే. పురాతనం మాత్రం కాదు, అది పూర్తయింది 1762లో. జిగ్‌సా పజిలే దాదాపు దాని ఈడుది! లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ దేశపటాలను చెక్క మీద అంటించి ముక్కలు కోసి అమ్మింది 1760లలోనే.

అలకన్య
:) అయినా ట్రెవీ పేర్చడం తేలిక. కింద నీలం నీళ్లు, పైన పాలరాయి, మధ్యలో మొరటు బండలు. మూడు గుంపులు ఇట్టే విడిపోతాయి.

సున్నపురాయి
తేలిక కావాలంటే బాదామి మొదటి గుహ పైకప్పు మీది నాగరాజు. 6వ శతాబ్దపు చాళుక్యుల పని. ఎర్రటి ఇసుకరాయిలో సహజంగానే లేత, ముదురు పట్టీలుంటాయి, అవి బొమ్మతో సంబంధం లేకుండా అడ్డంగా పోతుంటాయి. ఆ పట్టీలు పట్టుకుని సగం పేర్చవచ్చు. పాము చుట్టలు గుండ్రంగా తిరుగుతాయి, కాబట్టి పొలుసుల వంపు ఎంత బిగువుగా ఉంటే ముక్క అంత మధ్యకు చెందుతుంది.

అమరావతి పలకల సంగతి వేరు. అక్కడ ఖాళీ జాగానే ఉండదు. రామగ్రామ స్తూపాన్ని నాగులు కాపలా కాసే దృశ్యం చూడండి. అశోకుడు తక్కిన స్తూపాలు తెరిచినా, దీన్ని మాత్రం చెరువులోని నాగులు తెరవనివ్వలేదని బౌద్ధుల కథ. స్తూపం ఒంటి నిండా పాములు పెనవేసుకుని ఉంటాయి. రాయి లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పలనాటి సున్నపురాయి. ఇంగ్లీషువాళ్లు ‘ఇలియట్ మార్బుల్స్’ అన్నారు గానీ పాలరాయి కాదు. వెయ్యి ముక్కలు చేసినా ప్రతి ముక్కలో ఏదో ఒకటి ఉంటుంది. రాతి శిల్పంతో మొదటిసారి 1000 చేయించేవారికి నా ఓటు అమరావతికే, మహాబలిపురానికి కాదు.

ఉలిగీత
మరి మ్యూజియం వెబ్‌సైట్‌లో ఉన్న ఫోటో దించుకుని ముద్రించుకోవచ్చా?

సున్నపురాయి
బ్రిటిష్ మ్యూజియం ఫోటోలు వాణిజ్యేతర వాడకానికే. ఇంట్లో పేర్చుకోవడానికి ఒకటి చేయించుకుంటే ఇబ్బంది లేదు, పది చేయించి అమ్మకూడదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి కాపీహక్కులు లేని తన వస్తువుల ఫోటోలను పూర్తి ఉచితంగా వదిలేసింది, అమ్మకానికి కూడా వాడవచ్చు. ఒక్కో వస్తువు పేజీలో ‘ఓపెన్ యాక్సెస్’ గుర్తు ఉందో లేదో చూడాలి. 2023లో అక్కడ ‘ట్రీ అండ్ సర్పెంట్’ ప్రదర్శనలో మన ఆంధ్ర, తెలంగాణ బౌద్ధ శిల్పాలు కనిపించాయి కదా అని ఆ ఫోటోలు తీసుకోకండి. అరువు తెచ్చిన వస్తువులకు ఆ ఉచిత నియమం వర్తించదు.

మూలముక్క
దించుకున్న ఫైలు పొడవు 2500 పిక్సెళ్లే అయితే 200 డీపీఐలో 32 సెం.మీ.కి మించి ముద్రించలేరు. అంటే ఏ4 కంటే కాస్త పెద్దది, 250 ముక్కలకు సరి.

లేజర్‌బాబాయ్
కోత గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకుంటాను.

అట్ట: జిగ్‌సా అట్ట మందం దాదాపు 2 మి.మీ. ఉండాలి. చిన్న షాపుల్లో దొరికే ‘సబ్లిమేషన్ పజిల్’ ముందే కోసిన ఏ4 అట్ట, 120 ముక్కలు. దాని మీద హీట్ ప్రెస్‌తో బొమ్మ దించుతారు. బహుమతికి సరే, శిల్పానికి వద్దు: నలుపు గోధుమలోకి తిరుగుతుంది, నీడల్లో వివరం చచ్చిపోతుంది. 500, 1000 ముక్కల డై ఉన్న ప్రెస్‌ను వెతకాలి. డై ఉందా అని మాత్రమే అడగకండి, నమూనా ముక్కలు చూపించమనండి. మొద్దుబారిన డై అయితే ముక్క అంచున కాగితం పీచులు లేస్తాయి, రెండోసారి పేర్చేసరికి బొమ్మ పొర ఊడొస్తుంది.

ఎండీఎఫ్: ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా చదవండి. చాలా షాపుల్లో ఫోటోను వినైల్ స్టిక్కర్‌గా ముద్రించి ఎండీఎఫ్ మీద అంటిస్తారు. వినైల్ అంటే పీవీసీ. దాన్ని లేజర్‌తో కోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకు చేటు, మిషన్ లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తెలిసినవాడు కోయనంటాడు, తెలియనివాడు కోసేస్తాడు. కాగితం మీద ముద్రించి పలచగా జిగురుతో అంటించమనండి, లేదా యూవీ ప్రింటర్‌తో నేరుగా చెక్క మీద తెల్ల పూత వేసి ముద్రించమనండి.

కాలం లెక్క: 49 × 36 సైజులో 27 × 19 గ్రిడ్ అయితే నేరు గీతలే 18 మీటర్లు. బొడిపెల (పక్క ముక్కలోకి దూరే గుండ్రటి తలల) వంపులతో కలిపి ఒకటిన్నర రెట్లు, 27 మీటర్లు. సెకనుకు 15 మి.మీ. వేగంతో అరగంట. 70 × 50లో 38 × 27 గ్రిడ్ అయితే 55 మీటర్లు, గంట. షాపువాళ్లు నిమిషాల లెక్కన డబ్బు తీసుకుంటారు కాబట్టి ఈ లెక్క ముందే దగ్గర పెట్టుకోండి.

పెట్టెబొమ్మ
లేజర్ కోతలో ముక్కల అంచులు నల్లగా కాలతాయి కదా. బూడిద రాయి బొమ్మ మీద నల్ల గీతల వల వేసినట్టు ఉండదూ?

లేజర్‌బాబాయ్
ఉంటుంది, పూర్తిగా పోదు. తగ్గించడానికి మూడు పనులు. బొమ్మ మీద తక్కువ జిగురున్న మాస్కింగ్ కాగితం అంటించి కోయాలి, పొగ మరక దాని మీదే ఆగిపోతుంది. కోసే చోట గాలి ఊదే గొట్టం పూర్తిగా తెరవాలి. లెన్స్ ఫోకస్ చెక్క పైతలం మీద ఉండాలి. ఫోకస్ తప్పితే కోత వెడల్పు 0.2 మి.మీ. నుంచి రెండింతలవుతుంది. అప్పుడు నల్ల గీత మాట అలా ఉంచి, ముక్కలు జారిపోతాయి కూడా.

కోసిన తర్వాత ముక్కలు విడదీయకముందే, పలక మొత్తం మీద వెడల్పాటి టేపు అంటించి ఒక్క ఊపులో లాగితే మాస్కింగ్ అంతా వచ్చేస్తుంది. విడదీశాక మొదలుపెడితే 513 ముక్కల మీద గోళ్లతో గీకుతూ కూర్చోవాలి.

వదులు గురించి: లేజర్ కాల్చేసిన వెడల్పు మేర చెక్క తిరిగి రాదు. బొడిపె తల పెద్దగా, మెడ సన్నగా ఉంటేనే పట్టుకుంటుంది. అలాగని మెడ 2.5 మి.మీ. కంటే సన్నబడితే ఎండీఎఫ్ పుటుక్కున విరుగుతుంది. ముందు పనికిరాని చెక్క మీద 3 × 3 ముక్కలు కోసి, మూల పట్టుకుని పైకెత్తండి. తొమ్మిదీ కలిసి లేస్తే సరైన కోత.

మూలముక్క
513 అన్నారు, పైన 500 అన్నాం. కొత్తవాళ్లు తికమక పడకుండా చెబుతున్నా. 27 × 19 అంటే 513. 38 × 27 అంటే 1026. చాలా కంపెనీలు గుండు సంఖ్య పెట్టె మీద వేసి లోపల ఇలాగే కోస్తాయి. 40 × 25 గ్రిడ్ అయితే కచ్చితంగా 1000. విచిత్రంగా ఈ చివరి రెంటికీ అంచు ముక్కలు 126. 27 × 19కి 88. అంచు ముక్కలు ఏరాక లెక్కపెట్టండి, తక్కువైతే మిగతా ట్రేలలో ఎక్కడో కలిసి ఉన్నాయి. చట్రం మూసుకునే దాకా ఆగితే ఆలస్యమవుతుంది.

అలకన్య
ఫోటో దిద్దడం గురించి కూడా చెప్పండి. ‘క్లారిటీ’ (ఫోటో సాఫ్ట్‌వేర్‌లో చిన్న వివరాలను ఎత్తి చూపే మీట) పూర్తిగా పెంచేస్తే రాతి గరుకు బాగా లేస్తుంది కదా, పేర్చడానికి అదే మేలు కాదా?

రాతిచూపు
మేలు కాదు, చెరుపు. అన్ని చోట్లా గరుకు ఒకేలా లేస్తే నాగరాజు చెక్కిలికి, పక్క బండకు తేడా పోతుంది. ఉలి నున్నగా చేసిన చోటు, వదిలేసిన చోటు వేరుగా కనిపించాలి. అదే ముక్కల్ని గుంపులు చేయడానికి ఆధారం. క్లారిటీ 15–20 దగ్గర ఆపండి.

దాని బదులు రంగులో కొద్ది మాయ చేయవచ్చు. వెలుతురు భాగాలకు రవ్వంత పసుపు, నీడలకు రవ్వంత నీలం. కంటికి రాయి రాయిలాగే ఉంటుంది, ముక్కలు మాత్రం రెండు రాశులుగా విడిపోతాయి. గ్రానైట్‌కు అది అబద్ధం కూడా కాదు. ఎండ పడిన చోటు పసుపుగా, ఆకాశం వెలుగు మాత్రమే అందే నీడ నీలంగా ఉండటం సహజమే.

సున్నపురాయి
రాయికి రంగు పూయడం నాకు నచ్చదు. బూడిద రంగును బూడిదగానే ఉంచి, ముక్కల సంఖ్య తగ్గించుకోవాలి.

రాతిచూపు
మీరు పేర్చండి, మేం చూస్తాం :)

గుంటబొడిపె
ఇద్దరికీ మధ్య తేల్చే పరీక్ష ఒకటుంది. ముద్రణకు ఇవ్వకముందే ఫోటో మీద అనుకున్న గ్రిడ్ గీయండి. కళ్లు మూసుకుని ఇరవై గడులు ఎంచుకుని ఒక్కో గడిని విడిగా తెర మీద పెద్దగా చూడండి. ఆ గడిలో అంచు, పగులు, చార, మచ్చ, నీడ — ఏదో ఒకటి పేరు పెట్టి చెప్పగలిగేది ఉందా? ఇరవైలో ఐదుకు మించి ‘ఉత్త రాయి’ అని తేలితే ముక్కలు తగ్గించండి, లేదా కత్తిరించే చోటు మార్చండి. మహాబలిపురం చీలికలో పాము ఒళ్లు పొడుగ్గా నున్నగా ఉంటుంది, అక్కడే తేలిపోతుంది.

పేర్చే వరుస కూడా ఇక్కడే చెప్పేస్తా. మామూలుగా అంచులతో మొదలుపెడతాం. ఈ బొమ్మలో అంచంతా ఉత్త బండ, కాబట్టి అంచులు చివరికి. ముందు ముఖాలు, జోడించిన చేతులు. తర్వాత పడగల గొడుగు. పడగ లోపలి అంచు వెంట సన్నటి నీడ గీత విడవకుండా పోతుంది, దాన్ని పట్టుకుని నడవండి. ఆపైన నడుము నుంచి తోక దాకా పాము ఒంటి రెండు అంచులు. చీలిక గోడకూ పాము ఒంటికీ మధ్య ఉండే చిక్కటి నలుపు నాలుగోది. ఇవి అయ్యేసరికి బొమ్మ మధ్యలో నిలువు స్తంభంలా నిలబడుతుంది, బండలను దానికి రెండు పక్కలా అతికించుకుంటూ పోవడమే.

మిగిలిన ఉత్త రాయి ముక్కల్ని ఆకారాన్ని బట్టి ఆరు రాశులు చేయండి: నాలుగు బొడిపెలు, మూడు, ఎదురెదురుగా రెండు, పక్కపక్కన రెండు, ఒకటి, అసలు లేనివి. చాలా గ్రిడ్ కోతల్లో ఎదురెదురు రెండు బొడిపెల రాశే కొండలా ఉంటుంది. దాన్ని మళ్లీ ముదురు, లేత అని విడగొట్టండి.

పెట్టెబొమ్మ
టేబుల్ దీపం పక్క నుంచి వాలుగా పెడితే శిల్పం నీడలు ఇంకా బాగా కనిపిస్తాయని అంటుంటారు.

గుంటబొడిపె
కనిపించవు. అవి ముద్రించిన నీడలు, దీపం ఎటు పెట్టినా అక్కడే ఉంటాయి. వాలు వెలుగుతో కాగితం మెరుపు పెరిగి నల్లటి భాగాలు తెల్లబోతాయి. పేర్చేటప్పుడు వెలుగు పైనుంచి, 5000 కెల్విన్ (పగటి వెలుగు లాంటి తెలుపు) దగ్గర, రంగు కచ్చితత్వం (సీఆర్‌ఐ) 90కి పైన ఉన్న ఎల్‌ఈడీ మంచిది. మ్యాట్ లామినేషన్ చేయించండి, గ్లాసీ వద్దు.

వాలు వెలుగు పనికొచ్చేది దొంగ జతల దగ్గర. రాయి బొమ్మల్లో తప్పు ముక్క కూడా దాదాపు సరిపోయి కూర్చుంటుంది, రంగు చూసి పట్టుకోలేం. అనుమానం ఉన్న చోట ఫోన్ లైటును బల్లకు ఆనించి వెలిగించండి. సరైన జతలో కీలు సన్నటి గీత. దొంగ జతలో ఒక చోట వెడల్పైన నల్ల చీలిక, లేదా ముక్క ఒక అంచు వెంట్రుకవాసి పైకి లేచి నీడ వేస్తుంది. రెండు ముక్కల్నీ కలిపి ఎత్తి, వెనక నుంచి వెలుగుకు పట్టుకున్నా తెలుస్తుంది.

అలకన్య
విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలంలో అట్ట ముక్కలు ఉబ్బి దూరవు. అప్పుడు నొక్కి దూర్చకండి, బొడిపె మెడ దగ్గర పొర విడిపోతుంది. ముక్కల్ని బొమ్మ పైకి ఉండేలా పరిచి, పైన కిందా బ్లాటింగ్ కాగితం, మీద బరువైన పుస్తకాలు పెట్టి ఒక రోజు వదలండి. తర్వాత గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. హెయిర్ డ్రయర్ వద్దు. పై పొర ముందు ఆరి ముక్క గిన్నెలా వంగుతుంది.

పెట్టెబొమ్మ
ఒక ముక్క పోతే? రాయి బొమ్మకు కొత్త ముక్క చేసుకోవడం కుదురుతుందా?

మూలముక్క
రాయి బొమ్మకే బాగా కుదురుతుంది, రంగు తేడా తెలియదు కాబట్టి. పజిల్ పేర్చాక ఖాళీ చుట్టూ ఉన్న ఎనిమిది ముక్కల్ని విడిపోకుండా ఎత్తి స్కానర్ మీద బోర్లించి 600 డీపీఐలో స్కాన్ చేయండి. ఖాళీ ఆకారం కచ్చితంగా వస్తుంది. అసలు ఫోటో ఫైల్లోంచి ఆ చోటు కోసి, అదే సైజుకు తెచ్చి, అదే రకం మ్యాట్ కాగితం మీద ముద్రించి, 2 మి.మీ. అట్టకు అంటించండి. పూర్తిగా ఆరాక కొత్త బ్లేడుతో కోయాలి, ఒకేసారి కాదు, మూడు నాలుగు సార్లు పలచగా గీస్తూ. గీతకు 0.2 మి.మీ. బయట కోసి, తర్వాత సన్న ఎమరీ కాగితంతో అరగదీస్తూ సరిచూడండి. కోసిన అంచు తెల్లగా మెరుస్తుంది, దాన్ని 2బీ పెన్సిల్‌తో రుద్దండి.

అందుకే కస్టమ్ పజిల్ చేయించినవాళ్లు ముద్రణ ఫైలు పారేయకూడదు.

ఉలిగీత
అందరికీ ధన్యవాదాలు. ఇరవై గడుల పరీక్ష చేశాను: 38 × 27లో తొమ్మిది ‘ఉత్త రాయి’, 27 × 19లో నాలుగు. కాబట్టి 49 × 36 సెం.మీ., నిలువు, అట్ట మీద డై కోత, మ్యాట్ లామినేషన్. ఫైలు 3540 × 2600, 183 డీపీఐ. నీడల్లో రవ్వంత నీలం (సున్నపురాయి గారు క్షమించాలి). రేపు ఇచ్చేస్తున్నా. ఏమైనా వదిలేశానా?

లేజర్‌బాబాయ్
బ్లీడ్ (కోత గీతకు బయట వదిలే అదనపు బొమ్మ) వదిలేశారు. డై కాస్త జరిగితే అంచున తెల్ల కాగితం కనిపిస్తుంది. నాలుగు వైపులా 3 మి.మీ. ఎక్కువ బొమ్మ కావాలి. మీ డీపీఐలో అది 22 పిక్సెళ్లు, కాబట్టి ఫైలు 3584 × 2644 ఇవ్వండి. పక్కన ఫోటో ఉంది కదా, సాగదీయకుండా కాస్త వెడల్పుగా కత్తిరిస్తే చాలు.

సున్నపురాయి
నీలానికి క్షమించాను. ఇంకోటి చూడండి: నాగరాజు పడగల పైన రాయి ఎంత వదిలారు? పై అంచు వరుస పడగల మీదుగా పోకూడదు.

ఉలిగీత
150 పిక్సెళ్లే ఉంది.

మూలముక్క
అంటే ఒక వరుసకు కాస్త ఎక్కువ. ఒక ముక్క 1.8 సెం.మీ., 131 పిక్సెళ్లు. రెండు వరుసలకు 260 కావాలి. కింద నుంచి 110 తగ్గించి పైన కలపండి, కింద మీకు ఉన్నది ఉత్త బండే కదా.